నిద్రలో దమ్ము కట్టే మనిషి

నెల్లూరు నుంచి సూళ్లూరుపేట దాకా నా గురించి ఒక మాట ప్రచారంలో ఉంది. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుకి తల తెరిచి నయం చేసే డాక్టరు ఈ తీరం మొత్తానికి నేనొక్కణ్ణేనట. అలాంటి ఆపరేషన్లు వందల కొద్దీ చేశానట. ఆ మాట పుట్టించింది నేనే. పెళ్లి భోజనాల దగ్గర, రైలు పెట్టెల్లో, క్షౌరం చేయించుకుంటూ మొదలుపెట్టాను. తర్వాత అది నా సాయం లేకుండానే పెరిగింది. రిటైరయ్యాక దాన్ని మోసే ఓపిక తగ్గింది కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను. వందలు కాదు. ఒక్కటి.

మెదడు దగ్గర నరాలను రక్తనాళాలు నొక్కుతుంటే ఆ రెంటినీ విడదీసే ఆపరేషన్లు చాలానే చేశాను. ముఖం నొప్పికి చేశాను, ముఖం ఒక పక్క అదిరే జబ్బుకి చేశాను. అవి నిజం. కానీ నిద్రలో ఊపిరి ఆగడానికని చేసింది మాత్రం ఒక్క మనిషికే.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు "మీ అనుభవాలు రాయండి సార్" అని అడిగారు. ఏ సంవత్సరం ఏ కుర్చీలో కూర్చున్నానో రాస్తే మీకు నిద్ర వస్తుంది. అందుకని ఆ ఒక్క మనిషి గురించీ, ఆయన భార్య గురించీ రాస్తాను. ఇందులో నా తప్పులు మూడున్నాయి. రెండు చెప్పి ఊరుకుందామనుకున్నాను గానీ, మూడోది లేకుండా కథ నడవడం లేదు.

పెద్దాయన

నేను పని నేర్చుకున్నది చెన్నైలో. అక్కడ నా గురువుకి నేను ప్రియశిష్యుణ్ణని చెప్పుకుంటాను. నిజానికి ఆయనకు చాలాకాలం నా పేరే తెలియదు. "నెల్లూరు, ఇక్కడ రా" అని పిలిచేవారు. తమిళుడు. తెలుగు బాగానే వచ్చు గానీ, కోపం వస్తే తెలుగు, మెచ్చుకుంటే తమిళం. అందుకని నాకు ఆయన తమిళం అంతగా అలవాటు కాలేదు.

మొదటి ఆరు నెలలు మైక్రోస్కోపు పక్క గొట్టంలోంచి చూడనిచ్చారు, అంతే. చెవి వెనక ఎముకలో రూపాయి బిళ్లంత కన్నం చేసి, చిన్నమెదడుని మెల్లగా పక్కకు జరిపి, లోపలికి చూస్తే నరాలు తెల్లటి దారాల్లా కనబడతాయి. వాటి మీద రక్తనాళం వాలి ఉంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా నరం మీద ఒక దెబ్బ పడుతుంది. ఆ నాళాన్ని పైకెత్తి, మధ్యలో టెఫ్లాన్ దూది ముక్క పెడతాం. వినడానికి ఇంతే.

"నరాన్ని తాకకు తంబీ," అనేవారాయన. "నాళాన్ని బతిమాలు. రానంటే ఆగు. మళ్లీ బతిమాలు."

నెల్లూరు వచ్చి సొంతంగా చేయడం మొదలుపెట్టిన కొత్తలో, ఒక టీచరమ్మకు ముఖం నొప్పికి ఈ ఆపరేషన్ చేశాను. తన చర్చిలో ప్రతి ఆదివారం పాట ఎత్తుకునేది ఆవిడే. నొప్పి వల్ల నోరు తెరవలేక రెండేళ్లుగా పాట మానేసింది. ఆపరేషన్ తర్వాత నొప్పి మాయమైంది. దాంతో పాటు ఎడమ చెవి వినికిడి కూడా పోయింది. చిన్నమెదడుని నేను అవసరానికి మించి లాగాను. పక్కనే ఉన్న వినికిడి నరం సాగిపోయింది.

"నొప్పి పోయింది డాక్టరుగారూ," అందావిడ నవ్వుతూ. "ఇకమీదట దేవుడు నాతో మాట్లాడాలంటే కుడిపక్క నుంచి రావాల."

నేను నవ్వలేకపోయాను. చెన్నైకి ఫోన్ చేశాను.

"తొందరపడ్డావా?" అన్నారు పెద్దాయన.

"లేదు సార్. నరం చాలా దగ్గరగా ఉండింది, అందువల్ల..."

"తంబీ."

"తొందరపడ్డాను సార్."

"సరే. రేపు ఆ అమ్మతో కూడా ఇదే మాట చెప్పు."

చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. ఏటా క్రిస్మస్‌కి కేకు తెచ్చి, తన మంచి చెవి నా వైపు ఉండేలా కుర్చీ జరుపుకుని కూర్చునేది. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. ఆ కుర్చీ జరుపుకోవడం మాత్రం మరిచిపోలేదు. ఇది మూడు తప్పుల్లో లెక్క కాదు. మూడో తప్పుకి ఇది తల్లి.

ఒక్క ఒత్వం తేడా

చాలా ఏళ్ల తర్వాత, నా జుట్టు నెరిసి నా మాటకి బరువు వచ్చిన రోజుల్లో, తోటపల్లి గూడూరు అవతల సముద్రం ఒడ్డు పల్లె నుంచి పోలయ్య, ఆయన భార్య మంగమ్మ వచ్చారు. ఆయన చేపల వేటకు పోతాడు. యాభై దాటలేదు. లేవగానే తలనొప్పి, ఎన్ని మందులు మింగినా దిగని రక్తపోటు. అందుకని ఎవరో నా దగ్గరికి పంపారు. ఆ రోజు నా గది బయట అరవై మంది ఉన్నారు. నలభై అనుకోండి.

"ఏంటి ఇబ్బంది?" అన్నాను.

"నాకేం లేదు సార్. మాయమ్మి రమ్మంటే వచ్చినా," అన్నాడు పోలయ్య.

"ఏం లేదా? చెప్పయ్యా," అని మంగమ్మ మోచేత్తో పొడిచి, తనే చెప్పింది. "నిద్దట్లో దమ్ము కడతాడు సార్."

నాకు 'దమ్ము కొడతాడు' అని వినపడింది.

"రోజుకెన్ని?"

ఆమె ఆలోచించింది. "లెక్కబెట్టలేదు సార్. శానా."

"నిద్ర మధ్యలో లేచి కూడానా?"

"లేస్తే యాడ కడతాడు సార్? నిద్దట్లోనే. మెలకువగా ఉంటే బాగానే ఉంటాడు."

పడుకుని బీడీలు కాల్చే మనుషుల్ని చాలామందిని చూశాను. చాప అంటుకుంటుందని, ఊపిరితిత్తులు మాడిపోతాయని, రక్తపోటు దిగకపోవడానికి అదే కారణమని పావుగంట చెప్పాను. ఆ ఉపన్యాసం నాకు బాగా వచ్చు.

"నేను బీడీ తాగను సార్," అన్నాడు పోలయ్య.

"అందరూ ఇదే మాట చెబుతారు."

"తాగడు సార్," అంది మంగమ్మ.

"అందరి భార్యలూ ఇదే చెబుతారు."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. పెద్ద డాక్టరు ఇంత ముచ్చటపడి చెబుతుంటే కాదంటే బాగుండదనుకున్నాడు కాబోలు. "సరే సార్, మానేస్తా," అన్నాడు. ఎన్నడూ ముట్టని బీడీని నా కోసం మానేశాడు.

మూడు వారాలకి మళ్లీ వచ్చారు. "మానేశాడా?" అన్నాను.

"యాడ మానేస్తాడు సార్," అంది మంగమ్మ. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఇంకా ఎక్కువయింది. మీకు చెప్పేది అర్థం కాలేదు. నన్ను చూడండి."

బల్లకి అటువైపు నిటారుగా కూర్చుంది. కళ్లు మూసుకుంది. నోరు మూసి, ఊపిరి బిగబట్టింది. ఛాతీ కదలడం లేదు. నర్సు చేతిలో కాగితాలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె ముఖం కందిపోయింది, మెడ నరాలు ఉబ్బాయి. నేను లేచి, బల్ల మీదుగా వంగి భుజం పట్టుకుని కుదిపాను. ఆమె గట్టిగా ఊపిరి లాగి కళ్లు తెరిచింది.

"ఇట్టా సార్," అంది. "మీరు ఇప్పుడు నన్ను కదిపినారే, నేను దినామూ ఆయన్ని అట్టా కదపతా ఉండా."

దమ్ము కట్టడం. నేను పుట్టింది ఆ పల్లెలకి కూతవేటు దూరంలో. చిన్నప్పుడు కాలవలో మునిగి ఎవరు ఎక్కువసేపు దమ్ము కడతారని పందేలు వేసుకున్నవాణ్ణి. ఆ మాట నాది. నలభై ఏళ్ల చదువూ, వంద రకాల లాటిను పేర్లూ చెవిలో చేరి, నా సొంత ఊరి మాటని బయటికి తోసేశాయి. 'కడతాడు' అన్నది 'కొడతాడు' అని వినబడింది. ఒక్క ఒత్వం తేడాలో ఒక మనిషి ప్రాణం మూడు వారాలు ఊగింది. ఇది మొదటి తప్పు.

పిల్లలూ, మీరు కూడా రోగి చెప్పింది విన్నామనుకుంటారు. అర్థమైందో లేదో తెలుసుకోవడానికి నాకు తెలిసిన దారి ఒకటే. మీరు విన్నది మీ మాటల్లో వాళ్లకి తిరిగి చెప్పండి. నేను "మీ ఆయన బీడీలు కాలుస్తాడంటున్నావు, అంతేనా?" అని అడిగి ఉంటే సరిపోయేది.

వల కన్ను

నిద్రలో ఊపిరి ఆగడంలో రెండు రకాలున్నాయి. చాలామందికి గొంతు మూసుకుపోయి ఆగుతుంది. వాళ్లు గురక పెడతారు, పెనుగులాడతారు, ఇల్లంతా లేపుతారు. రెండోది అరుదు. అందులో గొంతు తెరిచే ఉంటుంది గానీ, ఊపిరి తీసుకోమని మెదడు నుంచి ఆజ్ఞే రాదు. పెనుగులాట ఉండదు, చప్పుడు ఉండదు. పక్కన పడుకున్న వాళ్లకి కూడా తెలియదు.

"మరి నీకెట్లా తెలిసింది?" అని మంగమ్మని అడిగాను.

పోలయ్య రాత్రి వేటకి పోయి, పొద్దెక్కాక ఒడ్డుకు వస్తాడు. చేపలు అమ్మాక అన్నం తిని పడుకుంటాడు. ఆయనకి మధ్యాహ్నమే రాత్రి. ఆయన పక్కనే కూర్చుని మంగమ్మ చిరిగిన వల బాగుచేస్తుంది. వలలో ఒక్కో గడిని కన్ను అంటారు. దారం తిప్పి, ముడివేసి, లాగితే ఒక కన్ను.

"ఒక కన్ను కట్టేలోపల ఆయన రెండు మూడు సార్లు ఊపిరి తీసి వదలతాడు సార్. అది చేతికే అలవాటయిపోయింది. ఒకనాడు కన్ను అయిపోయింది గానీ ఊపిరి రాలా. రెండోది కట్టినా. రాలా. తడితే వచ్చింది. ఇప్పుడు రెండోది అయ్యేదాకా చూసి తడతా. ఈ నెలలో మూడు దాకా పోతా ఉండాది."

"నువ్వెప్పుడు పడుకుంటావు?"

"ఆయన వేటకి పోయినాక కాసేపు. అప్పుడు కూడా భయమే, పడవలో కునుకు తీస్తాడేమోనని. కూడా పోయేవోళ్లకి చెప్పిపెట్టినా. కన్ను మూస్తే మొకాన నీళ్లు కొడతారు."

"ఉప్పునీళ్లు సార్," అన్నాడు పోలయ్య. "కళ్లు మండిపోతాయి."

ఎనిమిది నెలలుగా ఇదే కాపలా. ఒక రోజు ఆమె వల ఒళ్లో పెట్టుకునే కునుకు తీసిందట. ఉలిక్కిపడి చూస్తే ఆయన పెదాలు నల్లబడి ఉన్నాయి. గుప్పిట బిగించి ఛాతీ మీద కొడితే తేరుకున్నాడు. ఇది చెప్పేటప్పుడు ఆమె మొగుడి వైపు చూడలేదు. తనేదో నేరం చేసినట్టు నేల చూపులు చూసింది.

పరీక్షకి పెట్టాను. మా ఆసుపత్రిలో అప్పటికి ఉన్నది చిన్న మిషను. వేలికి ఒక క్లిప్పు, ముక్కు దగ్గర ఒక గొట్టం, ఛాతీకి ఒక పట్టీ. రాత్రంతా పెట్టి పొద్దున్నే కాగితం తీశాం. గీత చక్కగా, ఎక్కడా ఆగకుండా ఉంది. నేను గంభీరంగా ప్రకటించాను. "నీ భర్తకి ఏ జబ్బూ లేదమ్మా. నీదంతా భయం."

మంగమ్మ తల పట్టుకుంది. "రాత్రిపూట ఆయన ఎందుకు నిద్రపోతాడు సార్? సముద్రం మీద ఉండే టైము గదా!"

పోలయ్య వైపు తిరిగాను. "నువ్వు నిద్రపోలేదా?"

"కళ్లు మూసుకోని కదలకుండా పడుకోమన్నాడు సార్ మిషను పెట్టిన అబ్బాయి. పడుకున్నా. తెల్లార్లూ కదల్లా." మెచ్చుకుంటానేమోనని చూశాడు.

అది రెండో తప్పు. మిషను పెట్టాల్సిన వేళ రోగిని అడగాలి. మన డ్యూటీ చార్టుని కాదు.

మర్నాడు మధ్యాహ్నం మంగమ్మ తెచ్చిన చేపల పులుసుతో ఆయన కడుపునిండా తిన్నాక మిషను పెట్టాం. ఆమెని వల తెచ్చుకుని పక్కన కూర్చోమన్నాను. పది నిమిషాలకే నిద్రపోయాడు. ఆ తర్వాత మిషను మీద గీత చదునైపోయింది. నేను వాచీ చూస్తున్నాను, ఆమె ముడి వేస్తోంది. ఒక కన్ను. రెండు. నా వాచీలో సెకన్ల ముల్లు సగం చుట్టు తిరిగింది. మూడు. నా చెయ్యి నాకు తెలియకుండానే ఆయన భుజం మీదికి పోయింది.

"ఉండండి సార్," అంది మంగమ్మ తల ఎత్తకుండా. "ఇప్పుడొస్తాది."

వచ్చింది.

స్కానింగులో కారణం దొరికింది. మెదడు మెడలోకి దిగే చోట బొటనవేలంత లావున ఒక కాండం ఉంటుంది. ఊపిరికీ, గుండెకీ, రక్తపోటుకీ, మింగడానికీ ఆజ్ఞలు అక్కడి నుంచే వెళతాయి. దాని పక్కగా పైకి పోవాల్సిన పెద్ద రక్తనాళం ఒకటి సాగి, మెలిక తిరిగి, సరిగ్గా ఆ కాండంలోకి గుంటపడేలా నొక్కుతోంది. మెలకువగా ఉన్నప్పుడు మనిషి తెలిసో తెలియకో ఊపిరి తీసుకుంటాడు. నిద్రపోతే ఆ కాండమే దిక్కు.

జాగ్రత్త అనే పేరుతో

ఇక్కడ మూడో తప్పు.

ముందు మందులు, ముఖానికి తగిలించే గాలి మిషను ప్రయత్నించాం. అది సరైన పద్ధతే, మీరూ అలాగే చేయండి. కానీ నెల తిరిగేసరికి పోలయ్యకి గంజి తాగినా పొరమారడం మొదలైంది. గొంతు బొంగురుపోయింది. మిషను పెట్టినా ఊపిరి ఆగుతూనే ఉంది. అంటే కాండం ఇంకా నలుగుతోంది. ఇక ఆపరేషన్ గురించి మాట్లాడాల్సిన సమయం. నేను మాట్లాడలేదు. "ఇంకో నెల చూద్దాం," అన్నాను. జూనియర్లకి దాన్ని జాగ్రత్త అని చెప్పాను. అది భయం. ముఖం నొప్పికి చేసేటప్పుడు పొరపాటు జరిగితే చెవి పోతుంది. ఇక్కడ వెంట్రుకలంత నాళాలు ఆ కాండానికి రక్తం మోస్తుంటాయి. ఒక్కటి తెగితే మనిషి ఇక లేవడు. కళ్లు మూసుకుంటే టీచరమ్మ కుర్చీ జరుపుకోవడం కనబడేది.

పెద్దాయనకి ఫోన్ చేశాను. అప్పటికి ఆయన రిటైరయ్యారు, చేతులు వణుకుతున్నాయని కాఫీ కూడా స్ట్రాతో తాగేవారు. అంతా విని అడిగారు.

"నీ భయం నాకు చెప్పావు. ఆ అమ్మకి చెప్పావా?"

"రోగి ముందు డాక్టరు భయం చెప్పకూడదు కదా సార్."

"ఎవర్రా నీకు చెప్పింది?"

మర్నాడు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఇలాంటిది నేను ఎప్పుడూ చేయలేదన్నాను. చేసిన వాళ్లు కూడా తక్కువేనన్నాను. ప్రాణం పోవచ్చు, మింగడం శాశ్వతంగా పోవచ్చు, అన్నీ సవ్యంగా జరిగినా నిద్రలో ఊపిరి బాగుపడకపోవచ్చు అన్నాను. చెన్నైలో పెద్ద ఆసుపత్రికి రాసిస్తానన్నాను. చివరికి టీచరమ్మ సంగతి కూడా చెప్పాను.

"ఆయమ్మ ఇప్పుడు పాడతా ఉండాదా సార్?" అంది మంగమ్మ.

"పాడుతోంది."

"అయితే మీరే చెయ్యండి."

"నన్నడగరేంది?" అన్నాడు పోలయ్య బొంగురు గొంతుతో. "తల నాది గదా."

"అడుగుతున్నాను పోలయ్యా. చెప్పు."

ఆయన భార్య వైపు చూపించాడు. "నాకేంది సార్, నేను ఎట్టాగూ నిద్రపోతానే ఉండా. దీని మొకం చూడండి. మొన్న పొయ్యి కాడ నిలబడే నిద్రపోయింది. చెయ్యి కాలింది. నేను చస్తానని కాదు సార్ నా బాధ. నన్ను కాపలా కాస్తా కాస్తా ఇది నాకంటే ముందు పోతాది."

మంగమ్మ చీర కొంగులో దాచుకున్న చెయ్యి అప్పుడు చూశాను. నాలుగు నెలలుగా ఎదురుగా కూర్చున్న మనిషిని ఒక్కసారి కూడా రోగిగా చూడలేదు.

నాలుగున్నర గంటలు

ఆ ఆపరేషన్ పన్నెండు గంటలు నిలబడి చేశానని చెబుతుంటాను. నాలుగున్నర గంటలు. కూర్చునే చేశాను, మైక్రోస్కోపు ముందు కుర్చీ ఉంటుంది. చేతులు వణకలేదని కూడా చెబుతుంటాను. మోచేతులకు ఆనుడు బల్లలు పెట్టింది ఊరికే కాదు.

లోపలికి వెళ్లి చూస్తే నాళం చిటికెన వేలంత లావున, పసుపు పచ్చగా గట్టిపడి ఉంది. ప్రతి దెబ్బకీ కాండం కదులుతోంది. మొదటిసారి దాన్ని ఎత్తబోయాను.

"పల్స్ పడిపోతోంది. చేతులు తియ్యండి," అంది మత్తు డాక్టరమ్మ.

తీశాను. మానిటరు చప్పుళ్ల మధ్య ఖాళీ పెరిగిపోయింది. మెల్లగా మళ్లీ దగ్గరపడ్డాయి. రెండోసారి ఎత్తాను, మళ్లీ పడిపోయింది. పాతికేళ్ల క్రితం నేనైతే మూడోసారి గట్టిగా ఎత్తేవాణ్ణి. ఆ రోజు పరికరాలు కింద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. జూనియరు నేను స్పృహ తప్పానేమోనని తొంగి చూశాడు. తర్వాత ఒకేచోట ఎత్తడం మానేసి, కింద నుంచి కొంచెం, పై నుంచి కొంచెం, చుట్టూ ఉన్న పొరలని కత్తిరించి వదులు చేసుకుంటూ వచ్చాను. గంట పట్టింది. చివరికి అదే పక్కకి వాలింది. సన్నని పట్టీతో దాన్ని పక్క గోడ పొరకి కుట్టేశాను. కాండం మీద గుంట అలాగే ఉంది. కానీ అందులో ఇప్పుడేదీ కొట్టుకోవడం లేదు.

"అయిపోయిందా?" అంది డాక్టరమ్మ.

"నాకు తెలియదు," అన్నాను. ఆపరేషన్ గదిలో నేను చెప్పిన మాటల్లో అబద్ధం కలవనిది బహుశా అదొక్కటే.

ఇప్పటికీ పూర్తిగా తెలియదు. నాళం జరగడం వల్ల బాగయ్యాడా, రక్తపోటు దిగడం వల్లా, రెండూ కలిసా, ఒక్క మనిషిని చూసి తేల్చలేను. గురక పెట్టే ప్రతివాడూ ఇది చదివి తల చూపించుకోవడానికి రావొద్దు. ఇది అందరికీ చేసే ఆపరేషన్ కాదు. పది మందిని వద్దని పంపగలిగినవాడే పదకొండో మనిషికి చేయాలి.

వార్డులో

శ్వాస గొట్టం తీసిన మర్నాడు మధ్యాహ్నం పోలయ్య నిద్రపోయాడు. మానిటర్లో గీత పైకీ కిందికీ నడుస్తూనే ఉంది. మధ్యలో రెండు మూడు సార్లు కాస్త ఆలస్యమైంది, వెంటనే అందుకుంది. "చూశావా," అన్నాను మంగమ్మతో. ఆమె మిషను వైపు చూడలేదు. ఆయన ఛాతీ మీద అరచెయ్యి వేసి, నిద్ర లేచేదాకా అలాగే నిలబడింది. మర్నాడూ అంతే. మూడో రోజు ఆయన మెత్తటి అన్నం పొరమారకుండా మింగాడు. అయినా ఆమె పడుకోలేదు. "నమ్మకం లేక కాదు సార్. కళ్లు మూత పడటంలా, మరిచిపోయినాయి," అంది.

నాలుగో రోజు వార్డుకి మార్చాం. ఆ మధ్యాహ్నం నేను మందీమార్బలంతో రౌండ్స్‌కి వెళ్లాను. జూనియర్లు, నర్సులు, విద్యార్థులు, అంతా కలిసి ఇరవై మంది. ఆరుగురు. గుమ్మం దాటేసరికి పోలయ్య తలకట్టుతో మంచం మీద కూర్చుని, మమ్మల్ని చూసి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

మంగమ్మ మంచం పక్క స్టూలు మీద కూర్చుని, ముందుకు వాలి, ఆయన ఎడమ చేతి మీద తల పెట్టి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరిచి ఉంది. కాలిన చెయ్యి నేల వైపు వేలాడుతోంది.

"ఎంతసేపయింది?" అని గుసగుసగా అడిగాను.

"పొద్దున్నించి సార్. కాఫీ తాగతా తాగతా ఇట్టా వాలిపోయింది."

పొద్దున్నుంచి ఆయన ఆ చెయ్యి కదపలేదు. వేళ్లు తిమ్మిరెక్కి పాలిపోయాయి. కుడిచేత్తో పాత న్యూస్‌పేపరు పట్టుకుని ఆమెకి విసురుతున్నాడు. నేను పక్క మంచం వైపు తిరిగాను. అప్పుడు కొత్త నర్సు ఒకమ్మాయి రక్తపోటు చూసే పట్టీతో చకచకా వచ్చి, మంగమ్మని లేపడానికి ఆమె భుజం మీద చెయ్యి వేయబోయింది. పోలయ్య పేపరు కింద పడేసి, కుడి చెయ్యి చాపాడు.

"దీనికి కట్టమ్మా," అన్నాడు. "ఆ చెయ్యి కదిపితే అది లేస్తాది."